వెనక మూల కనపడని బండి: ఒక 1951 షెవర్లే పికప్ కేస్ స్టడీ

టెక్సాస్‌లో పాత బండ్లకు రేకు పని చేసే చిన్న షెడ్డు మాది. నేను పని నేర్చుకున్నది మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో, మా బాబాయ్ లారీ బాడీ షెడ్డులో. అక్కడ చేతికి పట్టిన ఒక అలవాటు ఈ కేసులో నన్ను నిండా ముంచింది. అందుకే రాస్తున్నాను. బండి యజమానిని అడిగే రాస్తున్నాను, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

బండి

1951 మోడల్ షెవర్లే 3100, అర టన్ను పికప్. 1947 నుంచి 1955 మొదట్లో దాకా వచ్చిన ఈ తరం బండ్లను 'అడ్వాన్స్ డిజైన్' అంటారు. ఉబ్బెత్తు బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, ముందు రెండు ముక్కల అద్దం, లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే సీటు. క్యాబిన్ రెండు రకాలుగా వచ్చేది. మామూలు దానికి వెనక ఒక్కటే చిన్న కిటికీ ఉంటుంది. దాన్ని రెండు డోర్ల అద్దాలతో కలిపి లెక్కేసి 'త్రీ విండో' అంటారు. డీలక్స్ క్యాబిన్‌కి వెనక రెండు మూలల్లో వంపు తిరిగిన చిన్న అద్దాలు అదనంగా ఉంటాయి కాబట్టి అది 'ఫైవ్ విండో'. పాత బండ్ల మోజున్నవాళ్ళు ఫైవ్ విండో అంటే ఎగబడతారు. మా దగ్గరికి వచ్చింది త్రీ విండో.

యజమాని రిటైరైన మనిషి. బండి వాళ్ళ నాన్నగారిది. ఇంజను, బ్రేకులు వేరే చోట బాగు చేయించుకున్నారు. షోలో నిలబెట్టే బండి కాదు, రోజూ నడిపే బండి. ఈ సంగతి ముందే తెలియడం మంచిదైంది, తర్వాత చాలా నిర్ణయాలు దీన్నిబట్టే తీసుకున్నాను.

ఆయన అడిగింది, ఆయనకు కావలసింది

షెడ్డులోకి వస్తూనే వెనక పెద్ద అద్దం కావాలన్నారు. 1955లో మొదలై 1959 దాకా వచ్చిన తర్వాతి తరం షెవర్లే పికప్‌లకు, అదనంగా డబ్బు కడితే, మూలల దాకా చుట్టుకొచ్చే పెద్ద వెనక అద్దం ఇచ్చేవారు. అలాంటి క్యాబిన్ వెనక భాగం ఒకటి తుక్కు యార్డులో చూసి బేరం కూడా ఆడి వచ్చారు. దాన్ని కోసుకొచ్చి దీనికి అతికించాలి, అంతే.

ఎందుకని అడిగాను. కుడి లేన్‌లోకి మారేటప్పుడు వెనక మూల కనపడటం లేదన్నారు. ఒకసారి మోటార్ సైకిల్ మీదకి బండి పోనివ్వబోయి ఆఖరి క్షణంలో ఆగారట. అప్పటినుంచి లేన్ మారాలంటే టెన్షన్.

అందుకని టేపు పట్టేముందు ఒక పని చేశాం. బండిని షెడ్డు మధ్యలో చదునుగా నిలబెట్టి, ఆయన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, మా కుర్రాడి చేతికి పొడుగు చీపురు ఇచ్చి నిటారుగా పట్టుకుని బండి చుట్టూ నడవమన్నాను. చీపురు ఎక్కడ మాయమైందో, మళ్ళీ ఎక్కడ కనపడిందో ఆయన చెబుతుంటే నేను నేల మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకుంటూ పోయాను. కుడి పక్క రెండు గీతల మధ్య దూరం 14 అడుగులు వచ్చింది. నా కారును తెచ్చి ఆ గీతల మధ్య పెడితే దాదాపు మొత్తం దాక్కుంది. ఆయన దిగి వచ్చి చూసి కాసేపు మాట్లాడలేదు.

ఆ గీతలు ఇంకోటి కూడా చెప్పాయి. చూపును ఆపుతున్నది మధ్యలోని చిన్న కిటికీ కాదు, డోరుకూ కిటికీకీ మధ్యనున్న వెనక మూల రేకు. తిన్నగా వెనక ఏముందో లోపలి మిర్రర్‌లో ఎలాగూ కనిపిస్తుంది. అంటే మందు మూలలో వేయాలి. సుద్ద గీతల్లో జవాబు అంత తేటగా ఉంటే, తర్వాతి నెలన్నర నేను వేరే దారిన పోయాను.

మొదట చేసి చూసినవి

ఖర్చు తక్కువ దాంతో మొదలుపెట్టాలి కాబట్టి కుడి డోరుకు కాన్వెక్స్ మిర్రర్, అంటే బయటికి ఉబ్బి ఉండే అద్దం, బిగించాం. కోత లేదు, నచ్చకపోతే రెండు మరలు విప్పితే పోతుంది. రెండు వారాలు నడిపి వచ్చి, 'కనపడుతోంది గానీ నమ్మబుద్ధి కావట్లేదు' అన్నారు. అందులో బండ్లన్నీ చిన్నవిగా, దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయి. జీవితమంతా మెడ తిప్పి చూసి నడిపిన మనిషికి అది సరిపోలేదు. మిర్రర్ మాత్రం ఉంచుకున్నారు.

తర్వాత తుక్కు యార్డు ముక్క. కొనకముందే తేల్చుకోవాలని, ఈ క్యాబిన్ పైకప్పు వెనక వంపుకు అట్ట ముక్క ఆనించి గీసి, ఆ గీత వెంట కత్తిరించి, ఆ అట్టను యార్డుకు తీసుకెళ్ళాను. ఎక్కడ పెట్టినా ఆనలేదు. పైకప్పు వంపు వేరు, కిటికీ వాలు వేరు, డోరు పైన నీళ్ళు జారే గాడి వేరు. అతికించాలంటే పైకప్పంతా మార్చాలి, అది మారిస్తే డోర్ల పైభాగం మార్చాలి. కిటికీ కోసం ఇల్లు కట్టినట్టు. అర డాలరు విలువ చేయని అట్ట ముక్క ఆయన డబ్బు కాపాడింది. బేరం వదిలేశారు.

ఇక మిగిలింది ఫైవ్ విండో మూలలు తెచ్చి వేయడం. అదే సరైన దారని అప్పటికే నాకు తెలుసు. కానీ మంచి మూలలు దొరకడానికి రెండు నెలలు పట్టేలా ఉంది, ధర ఎక్కువ. పైగా ఆయన మనసు పెద్ద అద్దం మీదే ఉంది. అప్పుడు నా నోటి నుంచే వచ్చింది, 'ఉన్న కిటికీనే రెండు వైపులా వెడల్పు చేస్తే?' అని.

నా తప్పు

ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్న రోజుల్లో లారీ ఛాసీ ఇంజనుతో వచ్చేది, క్యాబిన్ మేమే కట్టేవాళ్ళం. ముందు ఫ్రేము, తర్వాత రేకు, రేకులో కిటికీ కంత. కంతకు అట్ట పెట్టి గీసి అద్దాల కొట్టుకు పంపితే, అక్కడి కుర్రాడు వజ్రంతో గీసి కోసి ఇచ్చేవాడు. రబ్బరు బీడింగ్ వేసి సాయంత్రానికి బిగించేవాళ్ళం. కంత కాస్త వంకరైనా అద్దాన్ని దానికి తగ్గట్టు కోసుకోవచ్చు. అక్కడ రేకు ఎలా ఉంటే అద్దం అలా రావాల్సిందే.

ఈ బండికి ముందు అద్దాలు రెండూ చదునువే, వెనక చిన్న అద్దమూ చదునే. అలాంటప్పుడు వెడల్పు చేసినా చదునైన లామినేటెడ్ అద్దం సరిపోతుందనుకున్నాను. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే ఆ అద్దాన్ని కావలసిన ఆకారానికి కోయించుకోవచ్చు. టఫెన్డ్ అద్దమైతే, అంటే వేడిచేసి గట్టిపరిచినదైతే, తయారయ్యాక కోయడం కుదరదు, కోయబోతే రవ్వలైపోతుంది.

జాగ్రత్తలన్నీ తీసుకున్నాను, అది చెప్పుకోవాలి. 1949 నుంచి ఈ బండ్లలో పెట్రోల్ ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనకే ఉంటుంది. సరిగ్గా మనం వెల్డింగ్ చేసే చోటికి జానెడు కింద. ఖాళీ ట్యాంకు కదా అని వదిలేసేవాళ్ళను చూశాను. నిండు ట్యాంకు కన్నా ఆవిరి మిగిలిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. విప్పి షెడ్డు బయట పెట్టాం, పైపులకు బిరడాలు వేశాం. కోసినప్పుడు క్యాబిన్ విచ్చుకోకుండా రెండు డోర్ల కంతల్లో అడ్డంగా చదరపు పైపులు టాక్ పెట్టాం, అంటే చిన్న చుక్క వెల్డింగ్‌తో తాత్కాలికంగా అతికించాం. కోసిన రేకు ముక్కలకు నంబర్లేసి దాచాం.

కిటికీని ఒక్కో వైపు ఏడు అంగుళాలు పెంచి, అంచు మడత చేత్తోనే కొట్టాను. అద్దం కోయించి తెచ్చి, బీడింగ్ లేకుండా ఉత్తినే మడత మీద ఆనించి చూస్తే మూడు మూలలు కూర్చున్నాయి, కుడి పై మూల లేచి ఉంది. మామూలు పెన్సిల్ దూరలేదు గానీ ఐదు మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు సులువుగా దూరింది. కారణం ఇప్పుడు చెబితే చిన్నపిల్లాడికీ అర్థమవుతుంది. ఈ క్యాబిన్ వెనక రేకు మధ్యలో దాదాపు చదును, మూలలకు పోయేకొద్దీ ముందుకు వంగుతుంది. ఏడు అంగుళాలు పక్కకు పోయేసరికి నేను ఆ వంపులోకి దిగిపోయాను. కంత అంచులు నాలుగూ ఒకే మట్టంలో లేవు.

ఆ రోజు నోటుపుస్తకంలో నేను రాసుకున్నది ఇది: 'కు.పై మూల 5 మి.మీ. రబ్బరు మింగేస్తుంది.'

రబ్బరు మింగలేదు. బీడింగ్‌కు రెండు గాడులుంటాయి, ఒకదాంట్లో రేకు మడత దూరుతుంది, రెండోదాంట్లో అద్దం కూర్చుంటుంది. మడత మెలి తిరిగి ఉంటే ఆ మెలిని రబ్బరు అద్దానికే అప్పజెబుతుంది. సబ్బునీళ్ళు రాసి, గాడిలో నైలాన్ తాడు పెట్టి లోపలినుంచి లాగుతుంటే బీడింగ్ అంచు మడత మీదకు ఎక్కింది, అద్దం కూర్చుంది. అంతా బాగానే కనిపించింది. గొట్టంతో నీళ్ళు కొడితే పై మూలల్లో రెండు చుక్కలు. సీలెంట్ పూశాను. అక్కడైనా ఆగి ఉండాల్సింది. నీళ్ళు కారుతున్న చోట సీలెంట్ పూయడమంటే జ్వరం చూడకుండా థర్మామీటర్ దాచేయడమే.

చీపురు పరీక్ష మళ్ళీ చేస్తే 14 అడుగులు కాస్తా 11 అయింది. ఇంత పనికి మూడడుగులు. ఆయన పెద్ద అద్దం చూసి సంతోషంగానే వెళ్ళారు.

పదో రోజు ఉదయం ఫోన్‌కు ఫొటో వచ్చింది. కుడి పై మూలలో మొదలై విల్లులా వంగి మధ్య దాకా పాకిన బీట. డ్రిల్లు బిట్టు దూరిన చోటే మొదలైంది. ఇంకో ఫిర్యాదు కూడా ఉంది, నలభై మైళ్ళ వేగం దాటితే వెనక రేకు డప్పులా మోగుతోందట. కిటికీ చుట్టూ లోపలివైపున్న బలం రేకును వెడల్పు కోసం నేను కోసేశాను, దాని బదులు ఏదీ వేయలేదు. కుడి డోరు పైన సందు కూడా కాస్త పెరిగింది.

ఆ రాత్రి బాబాయ్‌కి ఫొటోలు పంపి వీడియో కాల్ చేశాను. చూసి ఒకటే అడిగాడు.

'ఒరేయ్, అద్దం ముందు తెచ్చుకున్నావా, కంత ముందు కోశావా?'

'కంతే బాబాయ్, మనం ఎప్పుడూ...'

'ఎప్పుడో మానేశాం రా. బస్సులకు వంపు అద్దాలు రావడం మొదలయ్యాక ఎవడూ ముందు కంత కోయట్లేదు. అద్దం తెచ్చి స్టాండు మీద పెట్టుకుని దాని చుట్టూ ఫ్రేము కడుతున్నాం. నువ్వు అప్పటికే వెళ్ళిపోయావు.'

నేను ఊరు వదిలాక కూడా ఊళ్ళో పని ముందుకు పోయింది, నా దగ్గర మాత్రం పాత పాఠమే ఉండిపోయింది. ఇది కాస్త గుచ్చుకుంది.

రెండోసారి

యజమానికి జరిగింది జరిగినట్టు చెప్పాను. మొదటి పని కూలి, 31 గంటలది, తీసుకోలేదు. అద్దం ఖర్చులో సగం తానే ఇస్తానని పట్టుబట్టారు. ఫైవ్ విండోకి ఒప్పుకున్నారు.

ఈ తరం క్యాబిన్‌తో ఒక సుఖం ఉంది. అర టన్ను పికప్‌కీ పెద్ద లారీకీ అదే క్యాబిన్ వాడారు, జీఎంసీ పేరుతో వచ్చిన బండ్లకూ అదే. పికప్ కోసం చూసేవాళ్ళు చాలామంది, పొలాల్లో తుప్పు పట్టిన పెద్ద జీఎంసీ లారీని పట్టించుకునేవాళ్ళు తక్కువ. అలాంటి డీలక్స్ క్యాబిన్ ఒకటి అనుకున్న ధరలో సగానికే దొరికింది. రెండు నెలలు పడుతుందనుకున్నది మూడు వారాల్లో అయింది. మొదట్లోనే నేను సరిగ్గా వెతకలేదన్నమాట.

ఇక్కడో నిర్ణయం. రెండు మూలలు విడివిడిగా వేయాలా, మూలా-కిటికీ-మూలా కలిపి ఒకే ముక్కగా తేవాలా? విడిగా వేస్తే అతుకులు చిన్నవి, కానీ నేను పాడుచేసిన మధ్య కంతను వేరుగా బాగుచేయాలి, మూడు కంతలూ ఒకదానికొకటి సరిపడేలా నేనే కుదర్చాలి. ఒకే ముక్కైతే ఆ మూడింటి పొత్తు ఫ్యాక్టరీలో కుదిరిందే వస్తుంది, లోపలి బలం రేకు కూడా దాంతోపాటే వస్తుంది. కష్టమల్లా పైన అడ్డంగా పడే పొడవాటి అతుకు. చేత్తో కొట్టిన మడతను మళ్ళీ నమ్మే ధైర్యం లేక ఒకే ముక్క వైపు మొగ్గాను.

అద్దాలు, బీడింగులు ముందే తెప్పించాను. మూల అద్దాలు కొత్తగా తయారుచేసి అమ్మేవాళ్ళు ఉన్నారు. జీఎంసీ ముక్కను బల్ల మీద పెట్టి, బండిని ముట్టుకోకముందే మూడు అద్దాలూ అందులో బిగించి చూశాం. ఎడమ మూల కింద నీళ్ళు నిలిచి మడత తుప్పు తినేసింది. ఆ రేకు బల్ల మీదే మార్చాం, కొలతకు అద్దమే పెట్టుకుని. బండి మీదైతే మెడ వంచి చేయాల్సిన పని అది.

కోత గీత ఎక్కడ వేయాలన్నది రోజంతా ఆలోచించాను. పైకప్పు మధ్యలో వేస్తే చెయ్యి బాగా అందుతుంది, కానీ చదును రేకు వెల్డింగ్ వేడికి అలలు తేలుతుంది. పైకప్పు వెనక్కి వంగే చోట వేస్తే వంపు తనను తానే పట్టి ఉంచుతుంది. అందుకే కిటికీలకు కాస్త పైన, ఆ వంపులోనే గీశాను. డోరు పక్కన పిల్లర్ దగ్గర బయటి రేకు కోతకూ లోపలి రేకు కోతకూ రెండంగుళాలు ఎడం పెట్టాను, రెండు అతుకులూ ఒకే గీతలో పడకూడదు. మొదట్లో దాచిన పాత ముక్కలు ఇప్పుడు పనికొచ్చాయి. అసలు కిటికీ కింది అంచు ఏ ఎత్తులో ఉండేదో వాటిని ఆనించి గుర్తుపెట్టుకున్నాం.

ముక్క పెట్టి బిగింపులతో పట్టి ముప్పై దాకా టాకులు పెట్టాక అసలు వెల్డింగ్ మొదలుపెట్టలేదు. మూడు అద్దాలూ బీడింగ్‌తో బిగించాం, డోర్లు వేసి సందులు చూశాం. కుడి మూల మడత మిల్లీమీటరున్నర లోపలికి నొక్కుకుపోయింది. నాలుగు టాకులు కోసి సర్ది మళ్ళీ పెట్టాం. తర్వాత అద్దాలన్నీ తీసి దూరంగా పెట్టాం, ఎందుకంటే వెల్డింగ్, గ్రైండింగ్ నిప్పురవ్వలు గాజు మీద పడితే అతుక్కుపోతాయి, గీకితే గుంట మిగులుతుంది. ఆ బుద్ధి ఇంకో బండి దగ్గర ఎప్పుడో వచ్చింది.

పై అతుకు మూడు రోజులు పట్టింది. సన్న తీగ, 0.6 మిల్లీమీటర్లది. ఒక చోట చుక్క పెడితే తర్వాతిది మూరెడు దూరంలో. మా కుర్రాడికి నేను చెప్పిన రూలు ఒకటే: వెల్డింగ్ పక్కన అరచెయ్యి ఆనించు, ఆనించి ఉంచలేకపోతే అక్కడ ఇంకో చుక్క పెట్టకు. చల్లారేకొద్దీ అతుకు దగ్గరకు లాగుతుంది, రేకు పీక్కుపోయినట్టు గుంట పడుతుంది. వెనక డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) పట్టి, పైనుంచి అతుకు మీదే సుత్తితో తట్టి సాగదీస్తే ఆ లాగుడు వదులుతుంది. తొందరపడి లప్పం పెట్టి గుంట కప్పేవాళ్ళుంటారు. రోజూ ఎండలో తిరిగే బండికి లప్పం మందం ఎంత తక్కువైతే అంత మంచిది. ఇక్కడ పూత మందం లప్పంతోనే సరిపోయింది.

మొత్తం 74 గంటలు. గొట్టంతో గంటసేపు నీళ్ళు కొట్టాం, లోపల నేల మీద న్యూస్‌పేపర్ పరిచి. పేపర్ పొడిగానే ఉంది. సీలెంట్ ఎక్కడా పూయలేదు, పూయనని ముందే అనుకున్నాను.

చీపురు పరీక్ష మూడోసారి: 4 అడుగులు.

ఆ తర్వాత

మూడు వారాలకు ఫోన్, కాళ్ళ దగ్గర కార్పెట్ తడిసిందని. గుండె జారింది. తెచ్చి చూస్తే వెనక కాదు, ముందు అద్దం కింద గాలి కోసం ఉండే మూత రబ్బరు ఎండిపోయి బీటలిచ్చింది. దానికీ మన పనికీ సంబంధం లేదు. అయినా, వెనక కిటికీ తడిసిందేమోనని ముందు నేనే గొట్టం పట్టుకుని వెనక్కి పరిగెత్తాను. ఒకసారి దెబ్బ తిన్నవాడు ఎటు చూస్తాడో అటే చూశాను.

ఆ మధ్య ఇంకొకాయన 1967 షెవర్లే సీ-10 తెచ్చి, వెనక చిన్న కిటికీ తీసేసి పెద్దది పెట్టమన్నారు. ఆ తరంలో చిన్న వెనక కిటికీ 1967 బండ్లకే కనిపిస్తుంది, అందుకే మోజున్నవాళ్ళు దాన్నే వెతుక్కుంటారు. ఆ సంగతి చెప్పి, కోయనన్నాను. మన 1951 బండి విషయంలో అలా అనలేదు, ఎందుకంటే త్రీ విండో క్యాబిన్లు కొల్లలు, పైగా ఆయనది అమ్ముకునే బండి కాదు. అదే కోత, ఒక బండిలో విలువ పోతుంది, ఇంకోదాంట్లో లేన్ మారే టెన్షన్ పోతుంది.

ఒక లోటు మిగిలింది. పక్క సీట్లో పెద్దవాళ్ళెవరైనా వెనక్కి వాలి కూర్చుంటే కుడి మూల అద్దంలో కొంత వాళ్ళ భుజమే కనిపిస్తుంది. ఖాళీ సీటుతోనే పరీక్ష చేశాం కాబట్టి మాకు అది తట్టలేదు, ఆయనే చెప్పారు. మనవడు కూర్చుంటే ఇబ్బంది లేదట, వాడి తల ఇంకా అంత ఎత్తుకు రాలేదు. డోరు మీది కాన్వెక్స్ మిర్రర్ మాత్రం తీయలేదు.